కూడాక కాదు, కూడకముందే చూడండి

డీబగ్ బిల్డ్‌లో పట్టుబడిన తప్పు రిలీజ్ బిల్డ్‌లో చప్పుడు చేయకుండా జారిపోతోందా? మీ కోడ్ సీ లేదా సీ++ అయితే ముందుగా ఓవర్‌ఫ్లో చెక్‌ల మీద ఓ కన్నేయండి.

32 బిట్ల ఇంట్‌లో పట్టే పెద్ద విలువ 2147483647. అది దాటితే మైనస్‌లోకి తిరుగుతుందన్న నమ్మకంతో చాలామంది ‘ఎ + 100 < ఎ అయితే ఎర్రర్’ అని రాస్తారు. ఆప్టిమైజేషన్ లేనప్పుడు ఇది పనిచేసినట్టే కనిపించవచ్చు. అయితే సైన్డ్ ఓవర్‌ఫ్లో జరిగితే ఫలితం ఏమిటన్న దానికి సీ ప్రమాణం ఏ పూచీ ఇవ్వదు. కాబట్టి అది జరగదనే కంపైలర్ లెక్క వేసుకుంటుంది. జరగనప్పుడు ఎ + 100 ఎప్పుడూ ఎ కన్నా పెద్దదే కదా! అందుకే ఓ2 ఆప్టిమైజేషన్ పెడితే జీసీసీ కంపైలర్ ఆ ‘ఇఫ్’ను ఎత్తేస్తుంది. అసెంబ్లీ తెరిచి చూస్తే పోలిక ఉండాల్సిన చోట ఏమీ ఉండదు. 2007లో దీన్ని జీసీసీ బగ్‌గా నమోదు చేస్తే, తప్పు కోడ్‌దేనని డెవలపర్లు తేల్చారు. పాయింటర్ లెక్కల్లోని ఇలాంటి చెక్‌లను కంపైలర్లు తీసేయడంపై మరుసటి ఏడాది అమెరికాలోని సెర్ట్ సంస్థ భద్రతా హెచ్చరిక ఇచ్చింది.

మీరు చేయాల్సినవి ఇవి:

1. పరీక్ష కూడకముందే జరగాలి. ‘ఎ > ఇంట్_మ్యాక్స్ - 100’ అని రాస్తే ఓవర్‌ఫ్లోకు తావే లేదు, చెక్‌ను తీసేసే వీలు కంపైలర్‌కు ఉండదు. కలిపేది మైనస్ సంఖ్య కూడా కావచ్చంటే కనిష్ఠ హద్దు కూడా చూడాలి.

2. జీసీసీ 5 నుంచి ‘బిల్టిన్ యాడ్ ఓవర్‌ఫ్లో’ ఉంది, సీ23లో ‘సీకేడీ యాడ్’ వచ్చింది. లెక్క చేసి, హద్దు దాటిందో లేదో అవే చెబుతాయి.

3. టెస్టుల్లో యూబీశాన్ (ఇలాంటి ఓవర్‌ఫ్లోలను ప్రోగ్రామ్ నడుస్తుండగా పట్టే సాధనం) నడపండి, కానీ దానిమీదే భారం వేయకండి. టెస్టులో నడిచిన దారినే అది చూస్తుంది.

4. పాత కోడ్‌ను వెంటనే మార్చలేకపోతే ‘ఎఫ్‌వ్రాప్‌వీ’ ఆప్షన్‌తో కంపైల్ చేయండి. పాత చెక్‌లు మళ్లీ పనిచేస్తాయి. అయితే చెక్ లేని చోట తప్పు విలువ తప్పుగానే ముందుకు పోతుంది.

5. రివ్యూలో కూడిక ఫలితాన్ని దాని మూల విలువతోనే పోల్చే లైను కనిపిస్తే ఆపండి. 2147483647 ఇన్‌పుట్‌తో ఒక టెస్టు అడగండి. కస్టమర్‌కు వెళ్లే ఆప్షన్లతోనే దాన్ని నడపమనండి.