నుజ్జయిన కారు స్థానంలో ఏ కారు?

పుదుచ్చేరి–కడలూరు రహదారిపై ఉన్న కిరుమాంబాక్కంలో బస్సులు, లారీలు, చిన్న కార్లు ఒకే దారిని పంచుకుంటాయి. ప్రమాదానికి గురైన కారు మరమ్మతు ఖర్చు బీమా విలువలో 75 శాతం దాటితే సాధారణంగా పూర్తి నష్టంగా లెక్కిస్తారు. కొత్తది కొనేటప్పుడు మళ్లీ మైలేజీ దగ్గరే లెక్క మొదలవుతుంది. ప్రమాదం నుంచి బయటపడ్డవారు కూడా దీనికి మినహాయింపు కాదు!

2023 అక్టోబరు 1న అమల్లోకి వచ్చిన భారత్ ఎన్‌క్యాప్‌లో కారును గంటకు 64 కిలోమీటర్ల వేగంతో, నలిగే అడ్డుకట్టకు ఒక పక్కగా గుద్దిస్తారు. ముందుభాగం నలిగి శక్తిని పీల్చుకోవాలి, మనుషులు కూర్చునే భాగం నలగకూడదు.

అయితే ఈ పరీక్ష దాదాపు అదే బరువున్న కారును ఢీకొనడం లాంటిది. 900 కిలోల కారు, 1,800 కిలోల వాహనం ఎదురెదురుగా ఢీకొంటే ద్రవ్యవేగ నిత్యత్వ సూత్రం ప్రకారం చిన్నదాని వేగంలో మార్పు రెట్టింపు ఉంటుంది. కాబట్టి నక్షత్రాలను సమాన బరువున్న కార్ల మధ్యనే పోల్చి చూడాలి.