పై అంతస్తు చప్పుడు – కింది రోగి నిద్ర

ఆపరేషన్ అయినవారికి, గుండెజబ్బు, పక్షవాతం వచ్చినవారికి మందుతోపాటు నిద్ర కూడా అవసరం. నిద్ర చాలకపోతే నొప్పి ఎక్కువగా తెలుస్తుంది. వృద్ధులు కొందరు తికమకపడి మాట్లాడతారు. రోగికి మెలకువ రాకపోయినా, నిద్రలో వినిపించే చప్పుడుకు గుండె వేగం, రక్తపోటు కాసేపు పెరుగుతాయి. రాత్రివేళ వార్డు గదిలో శబ్దం 30 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో సూచించింది. అంటే గుసగుసల స్థాయి.

శ్లాబు శబ్దాన్ని ఆపదా?

కాంక్రీటు శ్లాబు బరువైనది. అందుకే పై గదిలోని మాటలను చాలావరకు ఆపుతుంది. కానీ నేలకు నేరుగా తగిలే దెబ్బను ఆపలేదు. కుర్చీ లాగినా, రోట్లో దంచినా శ్లాబే అదురుతుంది. ఆ అదురు బీములు, పిల్లర్లు, గోడల గుండా దూరపు గదులకు కూడా పోతుంది.

ఒక బల్లకు చెవి ఆనించి, రెండో చివర వేలితో మెల్లగా తట్టమనండి. ఎంత గట్టిగా వినిపిస్తుందో చూడండి. పైనున్నవారికి చిన్నగా అనిపించే చప్పుడు కిందివారికి పెద్దగా వినిపించడానికి కారణం ఇదే.

కనుక చప్పుడును అది పుట్టినచోటే ఆపాలి. కింది గది కప్పుకు థర్మోకోల్ అంటిస్తే డబ్బు ఖర్చే తప్ప ఫలితం ఉండదు.

ఇంట్లో చేయదగినవి

1. కుర్చీలు, బల్లలు, మంచాల కాళ్ళకు రబ్బరు బుష్షులు వేయండి. దొరకకపోతే పాత సైకిల్ ట్యూబు ముక్కలు కట్టండి.
2. మిక్సీ, గ్రైండర్, కుట్టుమిషన్ కింద మందపాటి రబ్బరు షీటు వేయండి. అవి గోడకు తగలకూడదు.
3. దంచే పని నేల మీద గోనెపట్ట మడతలు వేసుకుని, పగటిపూట చేయండి.
4. పిల్లలు ఆడుకునే చోట మందమైన జంపఖానా పరచండి. వృద్ధులు నడిచే దారిలో మాత్రం జారే పట్టలు, లేచిన అంచులు ఉండకూడదు.
5. రోగి మంచాన్ని గోడకు ఆనించకుండా జానెడు ఎడం ఉంచండి.

పై ఇంటివారితో కోపంగా మాట్లాడకండి. "మా నాన్నగారికి ఆపరేషన్ అయిందండీ, రాత్రి పదినుంచి ఉదయం ఆరువరకు కొంచెం చూసుకోండి" అని చెప్పండి. తమ చప్పుడు కిందికి వస్తోందని చాలామందికి తెలియదు.

కొత్తగా ఇల్లు కట్టేవారు శ్లాబుకూ పై ఫ్లోరింగుకూ మధ్య రబ్బరు వంటి మెత్తని పొర వేయించుకోవచ్చు. గోడల అంచుల్లోనూ అది ఉండాలి. ఫ్లోరింగు ఒక్కచోట గోడను నేరుగా తాకినా శబ్దం ఆ దారిన పోతుంది. ఇంజనీరును ముందే అడగండి.

ఆసుపత్రిలో

మీరు కూర్చున్న వార్డు నేల, కింది వార్డుకు పైకప్పు. స్టూలును లాగకండి, ఎత్తి జరపండి. స్టీలు క్యారియర్, బకెట్ మెల్లగా దించండి. రోగి ఉన్న మంచాన్ని మీరు కదపకండి, నర్సును పిలవండి. దూది పెట్టి రోగి చెవులు మూయకండి. మేము పిలిచినప్పుడు ఆయనకు వినిపించాలి.

మీరు ఈ రాత్రి ఎత్తి పెట్టిన ఒక్క స్టూలు వల్ల కింద ఒకరికి నిద్ర చెడకుండా ఉంటుంది. మీ రోగికోసం పై అంతస్తులోనూ ఎవరో ఇలాగే జాగ్రత్తపడాలి కదా!