తలాఖ్ తర్వాత అప్పు ఎవరిది?



మా బడిలో తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి వారం రోజులుగా రాకపోతే ఇంటికి కబురు పంపాను. తల్లి వచ్చింది. "సార్, తలాఖ్ అయి నాలుగు నెలలు దాటింది. ఆటో కొనుక్కుంటానంటే డ్వాక్రాలో లోన్ తీసి ఆయన చేతికే ఇచ్చాను. ఆటో ఆయన దగ్గరే ఉంది. కిస్తీలు మాత్రం నన్నే అడుగుతున్నారు. పాపను పనికి పంపకపోతే ఎట్లా కట్టను?" అంది. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. తర్వాత ఆలిమ్‌లను, వకీలును అడిగి తెలుసుకున్న నాలుగు మాటలు మన సొసైటీ దాతల ముందు ఉంచుతున్నాను.

1. ఎవరి అప్పు వారిదే

నికాహ్‌తో భార్యాభర్తల ఆస్తులు ఒకటైపోవు. భార్య సంపాదన, పుట్టింటివారు ఆమెకు పెట్టిన బంగారం ఆమెవే. అప్పుల సంగతీ అంతే. భర్త తన వ్యాపారానికి చేసిన అప్పుకు భార్య బాధ్యురాలు కాదు. "చెరి సగం" అనే సూత్రం షరీఅత్‌లో లేదు. పైగా ఇంటి ఖర్చు, పిల్లల పోషణ భర్త బాధ్యత. భార్య తన డబ్బును భర్తకు అప్పుగా ఇస్తే అతను తీర్చాలి. కానుకగా ఇస్తే అది వేరు. ఇచ్చిన రోజు ఆ సంగతి తేల్చుకోకపోవడం వల్లనే తర్వాత తగాదా వస్తుంది.

2. సంతకానికి తలాఖ్ లేదు

బ్యాంకు చూసేది సంతకాన్ని. డబ్బు ఎవరు వాడుకున్నారన్నది దానికి పట్టదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ప్రకారం ఇద్దరూ కలిసి తీసుకున్న అప్పును బ్యాంకు ఎవరి దగ్గరైనా పూర్తిగా రాబట్టుకోవచ్చు. వేరే ఒప్పందం లేకపోతే, మొత్తం కట్టినవారు రెండోవారి నుంచి వారి వాటా అడగవచ్చు. జామీను ఉన్నవారిదీ అదే బాధ్యత. కాకపోతే తాము కట్టింది అసలు అప్పుదారు నుంచి రాబట్టుకునే హక్కు వారికి ఉంటుంది. విడాకుల కాగితంలో "ఈ అప్పు భర్త కడతాడు" అని రాసుకున్నా బ్యాంకు దానికి కట్టుబడదు. అయినా ఆ కాగితం అవసరమే. రేపు ఆమె అతన్ని అడగడానికి ఆధారం అదే.

3. మహర్ కూడా అప్పే

అప్పుల లెక్క వేసేటప్పుడు చాలామంది మరిచిపోయేది మహర్. నికాహ్ నాడు ఇవ్వకుండా తర్వాత ఇస్తానన్న మహర్ భర్త మీద ఉన్న బాకీ. అతను చనిపోతే వారసులు ఆస్తి పంచుకునే ముందే దాన్ని తీర్చాలి. 1986 నాటి ముస్లిం మహిళల విడాకుల హక్కుల పరిరక్షణ చట్టం 3వ సెక్షన్ కింద చెల్లించని మహర్‌ను, పెళ్లికి ముందు, పెళ్లప్పుడు, ఆ తర్వాత ఆమెకు ఇచ్చిన ఆస్తులను తిరిగి ఇప్పించమని మేజిస్ట్రేటుకు దరఖాస్తు చేసుకోవచ్చు. భర్త అవసరానికి కుదువ పెట్టిన ఆమె నగలు కూడా ఈ లెక్కలోకి రావాలి. ఖులా విషయంలో భార్య మహర్ వదులుకోవడానికి ఒప్పుకోవచ్చు. అంతమాత్రాన మిగతా బాకీలన్నీ వదులుకున్నట్టు కాదు. ఏది వదిలిందో, ఏది వదల్లేదో విడివిడిగా రాయించాలి.

4. రాసిపెట్టుకోవాలి

అప్పును రాసుకోమని, సాక్షులను పెట్టుకోమని దివ్య ఖుర్ఆన్ సూరా బఖరా 282వ ఆయత్‌లో ఆదేశం ఉంది. బయటివాళ్లకిచ్చే పదివేలకు నోటు రాయించుకునే మనం ఇంట్లో లక్షకు కూడా రాయం. "మన మధ్య కాగితాలేమిటి" అంటాం. విడిపోయే రోజున పెద్దలు కూర్చున్నప్పుడైనా పలకలో గీసినట్టు నాలుగు గడులు గీయాలి: అప్పు ఎంత, సంతకం ఎవరిది, డబ్బు ఎవరు వాడుకున్నారు, ఇక ఎవరు కట్టాలి. మహర్‌ను, కుదువలో ఉన్న నగలను అందులో వేరే వరుసల్లో వేయాలి. కింద ఇద్దరి సంతకాలు, సాక్షుల సంతకాలు ఉండాలి.

దాతలకు ఒక మనవి

జకాత్‌కు అర్హులైన 8 వర్గాలను చెప్పే సూరా తౌబా 60వ ఆయత్‌లో అప్పుల్లో చిక్కుకున్నవారూ ఉన్నారు. అప్పుతో పోయిన ఒకరి జనాజా వచ్చినప్పుడు, ఆ అప్పు నాది అని ముందుకొచ్చిన అబూ ఖతాదా (రజి) సంఘటన మనకు తెలిసిందే. రంజాన్‌లో బియ్యం, బట్టలు ఇస్తున్నాం, మంచిదే. అప్పుతో ఒంటరిగా మిగిలిన తల్లిని కూడా వెతకాలి. అయితే ముందు భర్త కట్టవలసింది అతని చేత కట్టించే ప్రయత్నం చేయాలి. మన జకాత్ అతని బాధ్యతకు ముసుగు కాకూడదు.

మా విద్యార్థిని తల్లి విషయంలో అలాగే జరిగింది. మహల్లా పెద్దలు అతన్ని పిలిచి, ఇక మీదట కిస్తీలు తానే కడతానని కాగితం రాయించారు. పేరుకుపోయిన బకాయిని ఒక దాత నేరుగా సంఘం ఖాతాలో కట్టారు. తన పేరు ఎవరికీ చెప్పవద్దన్నారు.

ఆ అమ్మాయి ఇప్పుడు పదో తరగతి. అల్‌హమ్దులిల్లాహ్.