సీసపు గుళ్ల లెక్క

ఖమ్మం, భద్రాచలం సరిహద్దు అడవుల్లో తెల్లవారుజామున అడవికోడి కూత వినవచ్చు. దానికి దూరపు చుట్టమే అమెరికా అడవుల టర్కీ కోడి. మనవద్ద అడవికోడిని గాని, నెమలిని గాని వేటాడితే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అమెరికాలో టర్కీ వేటకు అనుమతించిన రోజులున్నాయి. అక్కడ తూటా ఎంచుకునే తీరులో మీ భౌతికశాస్త్ర పాఠమే ఉంది, చూడండి.

ఈ తూటాలో ఒక్క గుండు కాదు, వందలకొద్దీ చిన్న గుళ్లుంటాయి. నంబరు పెరిగేకొద్దీ గుండు చిన్నదవుతుంది. నాలుగో నంబరు గుండు వ్యాసం 3.3 మిల్లీమీటర్లు, తొమ్మిదో నంబరుది 2. చిన్నవైతే ఎక్కువ పడతాయి కదా, అవే వాడరాదా? వ్యాసం సగమైతే గుండు బరువు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. గాలిని ఢీకొనే వైశాల్యం నాలుగో వంతుకే తగ్గుతుంది. కనుక చిన్న గుండు వేగం త్వరగా చస్తుంది.

లోటు పూడ్చేది సాంద్రత. ఘన సెంటీమీటరుకు సీసం 11.3 గ్రాములు, టంగ్‌స్టన్ మిశ్రమం సుమారు 18. సాంద్రతను వ్యాసంతో గుణించండి. నాలుగో నంబరు సీసానికి 37, తొమ్మిదో నంబరు టంగ్‌స్టన్‌కు 36. దాదాపు సమానమే! అదే బరువుకు గుళ్లు మాత్రం రెండున్నర రెట్లు పైగా వస్తాయి. ఖరీదు సంగతి అడక్కండి.

అసలు చిక్కు సీసంతోనే. గింజలు నూరుకోవడానికి రాళ్లు మింగే పక్షులు నేలరాలిన గుళ్లనూ మింగుతాయి. కందనకాయలో అవి అరిగి, ఆమ్లంలో కరిగి, సీసం రక్తంలో చేరి ప్రాణం తీస్తుంది. అందుకే నీటిపక్షుల వేటలో సీసాన్ని అమెరికా 1991లో దేశమంతటా నిషేధించింది. టర్కీ వేటలో మాత్రం చాలా రాష్ట్రాల్లో అది ఇంకా చెల్లుతోంది.

ఇంట్లో నాటుకోడిని కోసినప్పుడు కందనకాయ చీల్చి చూపమనండి. ఆ రాళ్లు మీకే కనిపిస్తాయి.