స్వర్ణక్షేత్రపు అడవిదారి

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో 1851లో బంగారం బయల్పడగా వేలాది జనం అచటికి తరలివచ్చారు. నేడు బల్లారట్ చెంతనున్న బునిన్యాంగ్ కొండ నుండి బెండిగో వరకు, అడవుల గుండా సుమారు 210 కిలోమీటర్ల బాట గలదు. కంకరనేలకు తగిన వెడల్పు టైర్ల సైకిళ్లపై ఔత్సాహికులు దీనిపై పయనిస్తారు.

కొండసీమలో ఈ బాట కొన్నిచోట్ల అంత సమతలంగా ఎందుకున్నదని మనం ప్రశ్నించుకోవాలి. బంగారపు మట్టిని కడుగుటకు నీరు కావలెను. అందుకై గనివారు కొండల వెంబడి, అతి స్వల్పమైన వాలుతో కాలువలు త్రవ్వారు. నాడు నీరు మెల్లగా సాగిన ఆ కాలువల గట్లపైనే నేడు చక్రాలు సులువుగా సాగుతున్నవి.

అయితే గనుల కొరకే ఆ అడవిని నరికివేశారు. మనకు కానవచ్చే చెట్లలో అధికభాగం తరువాత చిగిర్చినవే. పాత గనిగోతులు మాత్రం పొదలమాటున నేటికీ నోళ్లు తెరచి ఉన్నవి. కనుక బాట వీడరాదు. అడవి మరల మొలచినా మానవుని ఆశ త్రవ్విన గోయి దానంతట పూడదని మనం గ్రహించాలి.