పాత బుల్లెట్ క్లచ్ - ఒక పరిశీలన

మోటారు సైకిలు గేరు పడకపోయినా, బరువు లాగలేకపోయినా "క్లచ్ పోయింది" అని ఒకే మాటతో తేల్చివేయడం మన తెలుగువారికి అలవాటు. భాషాధ్యాపకులమైన మాకు ఈ మాట మొదటినుండి అనుమానాస్పదమే. క్లచ్‌కు వచ్చే వ్యాధులు ముఖ్యంగా రెండు. అవి ఒకదానికొకటి పూర్తిగా విరుద్ధమైనవి. లివరు నొక్కినా పలకలు విడిపోకుండుట మొదటిది. లివరు వదలినా పలకలు గట్టిగా పట్టక జారుట రెండవది. ఉర్దూ మాట్లాడే మెకానిక్కు మొదటిదానిని "ఛోడతా నై" అనీ, రెండవదానిని "పకడతా నై" అనీ చక్కగా వేరుచేసి చెబుతాడు. ఈ విషయంలో అతని భాషే మనకంటె శాస్త్రీయం.

మా పూర్వవిద్యార్థి ఒకడు, స్వర్గస్థులైన తండ్రిగారి బుల్లెట్‌ను చాలాకాలం వసారాలో నిలిపి ఉంచి, కూడబెట్టిన సొమ్ముతో పూర్తిగా విప్పించి మరల కట్టించాడు. ఇంజను బాగుంది. కాని మొదటి గేరు వేయగానే, లివరు నొక్కిపట్టి ఉన్నా బండి ముందుకు దూకుతున్నది. కూడలిలో న్యూట్రల్ దొరకదు. ఒకసారి ఎదుట ఉన్న కూరగాయల బండి దాకా పాకి వెళ్లిందట. కట్టిన షాపువారు డ్రమ్ముతో సహా క్లచ్ సెట్టంతా మార్చాలన్నారు. "ఇక నా వల్ల కాదు సార్, అమ్మేస్తాను" అంటూ వచ్చాడు.

బుల్లెట్ మన దేశంలో 1955 నుండి మద్రాసులో తయారైనది. 350 అని పిలిచినా ఇంజను పరిమాణం 346 సి.సి. పాత నాలుగు గేర్ల నమూనాలో క్లచ్ ఎడమవైపున, చెయిన్ కేసులో, నూనెలో మునిగి తిరుగుతుంది. కొన్ని పలకలు ఇంజను తిప్పే డ్రమ్ముతోనూ, మధ్యనున్న మరికొన్ని గేరుబాక్సు షాఫ్టుతోనూ కలిసి తిరుగుతాయి. స్ప్రింగులు వీటిని ఒకదానికొకటి అదిమి ఉంచుతాయి. లివరు నొక్కినప్పుడు బోలు షాఫ్టు లోపలి రాడ్డు కుడినుండి ఎడమకు జరిగి, పైనున్న ప్రెషర్ ప్లేటును ఎత్తుతుంది. అది సమంగా లేస్తేనే పలకలు విడిపోతాయి.

బండిని విప్పకముందే చేయదగిన పరీక్ష ఒకటున్నది. ఈ నమూనాలో కిక్కు బలం క్లచ్ గుండానే ఇంజనుకు చేరుతుంది. ఇంజను ఆపి, లివరు నొక్కి కిక్కు తొక్కితే అది తేలికగా దిగిపోవాలి. ఇంజను కదిలితే పలకలు విడిపోలేదన్నమాట. లివరు వదలి తొక్కినప్పుడు ఇంజను కదలకుండా కిక్కు దిగిపోతే క్లచ్ జారుతున్నదన్నమాట. ఈ బండిలో మొదటి లక్షణమే స్పష్టంగా కనిపించింది.

లివరు వద్ద రెండు మూడు మిల్లీమీటర్ల సందు చాలు; ఇక్కడ పది దాకా ఉన్నది. చేతి కదలికలో సగం కేబులు మింగివేస్తున్నది. దానిని సర్దిన తరువాత కొంత గుణమిచ్చింది కాని పూర్తిగా పోలేదు. చల్లని ఇంజనులో మాత్రమే పలకలు అంటుకొంటే నూనె చిక్కదనాన్ని అనుమానించవచ్చు. ఇది వేడెక్కిన తరువాత కూడ అట్లే ఉన్నది. కనుక లోపల చూడక తప్పలేదు.

ఎడమ ఫుట్‌రెస్టు తప్పించి, క్రింద పళ్లెం పెట్టి, మధ్యనున్న ఒకే ఒక నట్టు విప్పితే చెయిన్ కేసు మూత వచ్చేస్తుంది. అతనిని లివరు నొక్కమని మేము ప్రెషర్ ప్లేటును గమనించాము. ఒకవైపు లేస్తున్నది, రెండవవైపు లేవడం లేదు. స్ప్రింగులు తీసి బల్లపై నిలబెడితే సంగతి తేలిపోయింది: కొన్ని కొత్తవి, కొన్ని పాతవి, ఎత్తులు వేరు. పలకలను అద్దంపై పరిచి చూడగా ఒక ఉక్కు పలక క్రిందనుండి వెలుగు కనిపించింది, అనగా అది వంగినది. డ్రమ్ము గాళ్లలో పలకల చెవులు కొట్టిన చిన్న నొక్కులు ఉన్నాయి. వాటిని సన్నని ఆకురాయితో నునుపు చేస్తే సరిపోయింది. డ్రమ్మును మార్చే అవసరం లేదు. ఒక పలక, ఒకే జత స్ప్రింగులు, మూతకు కొత్త రబ్బరు, ఇంతే కొన్నది.

నూనె విషయంలో మాత్రం పొదుపు పనికిరాదు. కార్లకోసం ఘర్షణ తగ్గించే ద్రవ్యాలు కలిపిన నూనె పోస్తే విడిపోని క్లచ్ జారే క్లచ్‌గా మారవచ్చు. తడి క్లచ్‌కు తగినదని తెలిపే జాసో ఎం.ఏ. గుర్తు డబ్బాపై చూసి తెచ్చుకోవాలి.

పలకల పూత అరిగినకొద్దీ లివరు వద్ద సందు తగ్గుతుంది. పూర్తిగా పోతే రాడ్డు ఎప్పుడూ నొక్కుడులోనే ఉండి, పలకలు జారడం మొదలవుతుంది. అందుచేత ఐదారువందల కిలోమీటర్లు తిరిగిన తరువాత మరల చూపించమన్నాము. గత నెలలో ఆ బండిమీదనే వచ్చాడు. సందు ఒక మిల్లీమీటరు తగ్గింది. గేటు వద్దనే సర్ది పంపాము.