దండకు ముడి వెయ్యకండి

శంషాబాద్ చుట్టుపక్కల సర్కారు బళ్లలోనే జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. 2008 మార్చిలో విమానాశ్రయం తెరిచేదాకా నా క్లాసులో ఎక్కువమంది పొలాలున్న ఇళ్ల పిల్లలు. ఆ తర్వాత అవే బెంచీల మీద టెర్మినల్ ఊడ్చే తల్లుల బిడ్డలు, కార్గోలో బరువులెత్తే తండ్రుల బిడ్డలు, బీహార్ నుంచీ ఒడిశా నుంచీ వచ్చిన కూలీల పిల్లలు. ఊరు మారినా, ఎనిమిదో తరగతిలో కౌమార దశ పాఠం తెరవగానే తలలు వంచుకోవడం మాత్రం మారలేదు. ఆ తలలు ఎత్తించడానికి నేను చేసిన పనులూ, అందులో చెడగొట్టినవీ, ఇప్పుడు ఆ పాఠం చెప్పబోయే చిన్న టీచర్ల కోసం రాస్తున్నాను.

1. ముందు మాటలు పోగెయ్యండి

బోర్డు మీద ‘ఋతుచక్రం’ అని రాస్తే అది పుస్తకంలోనే ఉండిపోతుంది. ఇంట్లో ఏమంటారో పేరు లేని చీటీల మీద రాయమన్నాను. ముట్టు, మైల, బయట చేరడం, డేట్, మహీనా, ఉత్త ‘కడుపునొప్పి’. అన్నీ బోర్డెక్కాక ఒక పిల్ల లేచి, “టీచర్, ఇండ్ల సగం మాటలు దూరం ఉండుమనే చెప్తున్నయి. లోపల ఏమైతదో ఒక్కటి గూడ చెప్తలేదు” అంది. పాఠం అక్కణ్నుంచే మొదలుపెట్టాను.

2. గర్భసంచి ఎంతుంటుందో చేతికి తెలియాలి

కడుపంతా అదే నిండి ఉంటుందనుకుంటారు పిల్లలు. తలకిందులు చేసిన చిన్న జామకాయ పట్టిస్తే ఆశ్చర్యపోతారు. ఒకమ్మాయిని చేతులు చాచి నిలబెట్టండి. ఒళ్లు గర్భసంచి, చేతులు అండవాహికలు. రెండు పక్కలా ఇద్దరు చెరొక నిమ్మకాయ పట్టుకుంటే అవి అండాశయాలు. చేతివేళ్లు నిమ్మకాయకు అతుక్కోవు, దగ్గరగా ఆడుతుంటాయంతే. అండం బయటికి రాగానే లోపలికి తీసుకుంటాయి. పుస్తకంలో బొమ్మ పదిసార్లు గీసిన పిల్లలకు కూడా ఈ సంగతి అప్పుడే అర్థమయ్యేది.

3. ఎనిమిది చెంచాలు

“ఎంత రక్తం పోతుంది?” అంటే బిందెడు అన్నవాళ్లున్నారు. బీట్‌రూట్ నీళ్లు, ఐదు మిల్లీలీటర్ల మందు చెంచా తెచ్చి గ్లాసులో కొలిపించాను. నాలుగైదు రోజులకూ కలిపి సగటున 30 నుంచి 40 మిల్లీలీటర్లు, అంటే ఆరు నుంచి ఎనిమిది చెంచాలు. “గిన్నేనా!” అన్నారు. 80 దాటితే ఎక్కువ పోతున్నట్టని, గంటకో రెండు గంటలకో ప్యాడ్ తడిసిపోతుంటే డాక్టర్‌కు చూపించాలని అప్పుడే చెప్పాలి. తెలంగాణ ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉందని 2019–20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. అందుకని బడిలో వారానికొకటి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర ముచ్చట కూడా ఈ చెంచాల దగ్గరే తీశాను.

4. పూసల దండ

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇదే, నా పెద్ద తప్పూ ఇందులోనే ఉంది. లాడ్ బజార్ నుంచి పూసలు తెచ్చి తలా 28 ఇచ్చాను. ఐదు ఎర్రవి, 14వ చోట అండానికి ఒక తెల్లది, మిగతావి పసుపు. అందరివీ ఒక్కలాంటి దండలే. ముడులేసి గోడకు తగిలిస్తే చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. తర్వాత ఎవరి దండ వాళ్లు ఇంటికి తీసుకెళ్లారు.

రెండు నెలల తర్వాత ఒక పిల్ల వరండాలో నన్ను ఆపి ఏడ్చింది. తనకు 38 రోజులైనా రాలేదట. రోజూ రాత్రి పూసలు లెక్కపెట్టుకుంటోందట. ఏదో రోగం వచ్చిందనుకుని, ఇంట్లో చెప్పలేక, నువ్వులూ బెల్లం తింటూ కూర్చుందట. తప్పు ఆ పిల్లది కాదు, నేనిచ్చిన దండది. పెద్దమనిషైన మొదటి రెండు మూడేళ్లు 21 నుంచి 45 రోజుల మధ్య ఎప్పుడొచ్చినా మామూలే. 28 సగటు మాత్రమే. దాన్ని దారానికెక్కించి, ముడేసి, శాసనంలా నేనే చేతికిచ్చాను.

మరుసటి ఏడు ఒక కొసకు మాత్రమే ముడేసి, రెండో కొస వదిలేసిన దారం ఇచ్చాను. పూసలు ఇంటికి తీసుకెళ్లి రోజుకొకటి ఎక్కించుకోవాలి. రక్తం కనపడ్డ రోజు ఎర్రది, లేని రోజు పసుపుది. మళ్లీ ఎర్రది వచ్చినప్పుడు ముడి. ఎవరి దండా క్లాసుకు తేవద్దు, ఎవరికీ చూపించనక్కర్లేదు. క్లాసులో మాత్రం 24, 28, 35, 41 పూసలతో నేను కూర్చిన దండలు పంచి, చివరి ముడి నుంచి వెనక్కి 14 పూసలు లెక్కపెట్టి, ఆ తర్వాతి పూస చూడమన్నాను. 28 దండలో తెల్లపూస 14వ చోట, 35 దండలో 21వ చోట, 24 దండలో పదో చోట పడింది. అండం విడుదలయ్యాక పట్టే రోజులు సుమారుగా స్థిరం, సాగేదీ కుంగేదీ దానికి ముందు భాగమేనని వాళ్ల వేళ్లే వాళ్లకు చెప్పాయి. ఇది ఉజ్జాయింపు లెక్కేనని కూడా గట్టిగా చెప్పండి. విమానాశ్రయంలో పనిచేసే ఒకాయన కూతురు పక్కపిల్లతో అంటోంది: “ఫ్లైట్ లేటయితే రానట్టు కాదే.”

మూడు నెలలు దాటినా రాకపోతే, పదిహేనేళ్లు నిండినా మొదలవకపోతే డాక్టర్ దగ్గరికి. అంతకుముందు భయం వద్దు.

5. మెంతులు

ముట్టుకుంటే చెట్టు ఎండిపోతుందా అని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. టీ కప్పుల్లో మెంతులు చల్లించి, నెల రోజులు అమ్మాయిలందరి చేతా వంతులవారీగా నీళ్లు పోయించాను. ఏ రోజు ఎవరికి నెలసరో ఎవరూ అడగలేదు, అడగనివ్వలేదు. మెంతికూర ఏపుగా వచ్చింది.

6. మగపిల్లల్ని బయటికి పంపకండి

మొదటి ఏళ్లలో వాళ్లను గ్రౌండుకు పంపాను. కిటికీల దగ్గర చేరి నవ్వారు. తర్వాత పద్ధతి మార్చాను. మొదటి రోజు అమ్మాయిలు విడిగా తమ ప్రశ్నలు అడుగుతారు, రెండో రోజు అందరూ కలిసి కూర్చుంటారు. అందర్నీ రెండు నిమిషాలు పిడికిలి గట్టిగా బిగించమంటాను. చెయ్యి పాలిపోయి గుంజుతుంది. గర్భసంచి కండరం బిగుసుకున్నప్పుడూ రక్తం సరిగా అందకనే నొప్పి, వేణ్నీళ్ల కాపడం పెడితే సర్దుకుంటుంది. ఒకసారి చీటీల డబ్బాలో ఒక మగపిల్లాడి రాత దొరికింది: “మా అక్క ఆ మూడు దినాలు చాప మీద ఎందుకు పంటది?” చాప ఆచారం పెట్టింది, ఒంటికి దానితో పనిలేదని అందరి ముందూ చెప్పాను.

7. గడియ లేని తలుపు

నీళ్లూ, మూత ఉన్న డబ్బా, లోపల గడియా ఏవీ లేని మరుగుదొడ్డి ఉన్న బడిలో ఈ పాఠం సగమే. ముందు గడియ పెట్టించండి.

8. పిల్లలు మనకన్నా ముందుకెళ్తారు

ప్యాడ్ కోసి లోపల జెల్ ఎలా నీరు పీలుస్తుందో చూపించడం వరకే నాకు తట్టింది. యాదాద్రి భువనగిరి జిల్లా ముల్కలపల్లి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల పిల్లలు చెరువులో గుర్రపుడెక్క తీసి, మెంతులూ పసుపూ వేపా కలిపి, నేలలో కలిసిపోయే ప్యాడ్లే చేశారు. ‘స్త్రీ రక్ష’ అని పేరు పెట్టారు. పేపర్లో చదివి ఆ రోజంతా సంతోషంగా ఉన్నాను.

9. తల్లులకు కూడా దారం మిగల్చండి

ఒక పొద్దున రాత్రి డ్యూటీ దిగిన ఒకావిడ యూనిఫాంలోనే బడికొచ్చింది. కూతురి మీద ఫిర్యాదేమో అనుకున్నాను. “మా పిల్ల దండ గోడకు తగిలేసింది మేడం. నాదంత ఆగమాగం వస్తుంది, నేను గూడ లెక్క వెట్టుకుంట. మొదటి పూస ఏ దినం సంది ఎక్కియ్యాలె?” అంది. నెత్తురు కనపడ్డ దినం నుంచి అన్నాను. బెంచీ మీద కూర్చుని మరో నాలుగు సంగతులు అడిగింది. ఖాళీ టిఫిన్ డబ్బాలో పూసలు పోయించుకుని, దారం కొంగుకు ముడేసుకుని, పాల్మాకుల ఆటో ఎక్కింది.